మన మిలిటరీ లారీకి ఆ ఆకుపచ్చ వద్దు: కమిటీ పెద్దలకు ఒక పెయింటర్ బహిరంగ లేఖ

లారీ కమిటీ పెద్దలందరికీ,

నెల్లూరు ఆటోనగర్‌లో బోర్డులు రాసుకునే పెయింటర్ నమస్కారాలు.

పోయిన ఆదివారం మీటింగులో నేను లేచి నిలబడగానే, "రంగు సంగతి మేం తేలుస్తాంలేబ్బా, నువ్వు కొట్టేది కొట్టు" అని ఒక పెద్దాయన కూర్చోబెట్టాడు. ఆయన మీద నాకు కోపమేం లేదు. నలభై ఏళ్లుగా ఈ మాట వింటానే ఉండా. ఓనరు క్యాబిన్‌కి గులాబీ రంగు అడిగితే గులాబీ కొట్టిచ్చినా. డోరు మీద నెమలి పక్కన పులి కావాలంటే, ఆ రెండూ ఒకచోట ఉండవు సామీ అని ఒక్కమాట చెప్పి, గీసిచ్చినా. అది వాళ్ల డబ్బు, వాళ్ల బండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఈ మిలిటరీ లారీ అట్టా కాదు, జనవరి 26కి గ్రౌండులో నిలబెట్టాలని బాగుచేస్తున్న బండి ఇది. దీనికి చందా ఇచ్చిన వాళ్లు ఊరంతా ఉన్నారు, నేనూ ఒకణ్ణి. అందుకే మీటింగులో నోట్లోనే ఆగిపోయిన మాటలు ఇప్పుడు అందరూ చదివేట్టు రాస్తుండా.

మీరు పంపిన 20 లీటర్ల ఆలివ్ గ్రీన్, గ్లాసీ రకం, డబ్బాలు డబ్బాలుగా నా షెడ్డులో గోడవారన ఉన్నాయి. ఒక్కదాని మూత కూడా తియ్యలేదు. తీస్తే షాపువాడు వాపసు తీసుకోడు.

ముందు రూలు సంగతి. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లో 121వ నియమం ఉంది. రక్షణ శాఖ బళ్లకు తప్ప వేరే బండికి ఆలివ్ గ్రీన్ వెయ్యకూడదని అందులో ఉంది. నేను లాయర్ని కాదు. కానీ ఈ రంగు పని చేసేవాడికి ఈ ఒక్క రూలు మాత్రం కంఠతా వచ్చు. పాత జీపు కొనుక్కుని మిలిటరీ రంగు కొట్టమని వచ్చే కుర్రోళ్లకి ఇదే చెప్పి పంపిస్తాం. మన లారీ ట్రాలీ మీద వచ్చి గ్రౌండులో నిలబడేదేగా అంటారేమో. జనవరి 26న సొంత ఇంజను మీద గేటు నుంచి జెండా కర్ర దాకా నడవాలని తీర్మానం చేసింది మీరే గదా. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉందిగా అని ఇంకొకరు అన్నారు. అది టూవీలర్లకీ సొంత కార్లకీ పెట్టింది, మూడు టన్నుల లారీ దాని కిందికి రాదు. రవాణా ఆఫీసుకి ముందే ఒక కాగితం పెట్టి, రంగు పేరుతో సహా రాసి, జవాబు చేతికి తీసుకోండి. ఆ పని రంగు పడకముందే కావాలి.

అసలు ఆ రూలు లేకపోయినా నేను ఆ డబ్బాలు వద్దనే వాణ్ణి. అది ఈ బండి రంగు కాదు.

రైసుమిల్లు వెనక వేపచెట్టు కింద పడున్నన్నాళ్లూ లారీ నీలంగా ఉండేది, మీకందరికీ గుర్తుండే ఉంటుంది. పిట్టల రెట్టలు, వేపాకు జిగురు పట్టిన నీలం. టింకరింగ్ వాళ్లు డాష్‌బోర్డు విప్పిన రోజు నేను అక్కడే ఉన్నా. కంపెనీ వాళ్లు బిగించిన చిన్న పలక ఒకటి ఉంది, నాలుగు స్క్రూలు, తుప్పు పట్టి కదలవు. కిరసనాయిలు పోసి ఒక రాత్రి నాననిచ్చి, పొద్దున విప్పాం. ఆ పలక వెనక సిగరెట్టు పెట్టెంత చోటు. ఎండ తగల్లేదు, వాన తగల్లేదు, ఏ పెయింటరు కుంచే అక్కడికి చేరలేదు. అక్కడ ఉన్న రంగు కాఫీ డికాక్షన్‌లో రెండు చుక్కల పాలు పడ్డట్టు ఉంది. నీలం కాదు, ఆకుపచ్చ అంతకన్నా కాదు. గోధుమరంగు.

పలక వెనక ఒకటే పూత, అది బండి పుట్టినప్పటిది. మరి తర్వాత ఏమేం పడ్డాయో చూడాలంటే ఇంకో చోటు కావాలి. ఎడమ డోరు లోపలి వైపు, కిందిమూల తీసుకున్నా. ముందు 400 నంబరు వాటర్ పేపరు, అంటే నీళ్లతో రుద్దే ఉప్పు కాగితం, తర్వాత 800, ఆఖర్న 1200. నీళ్లు చిలకరిస్తా, ఒకే చోట గుండ్రంగా, చెయ్యి బరువెయ్యకుండా రుద్దాలి. గంటన్నర పట్టింది. అరచెయ్యంత మేర రంగులన్నీ ఒకదాని లోపల ఒకటి గుండ్రాలు గుండ్రాలుగా బయటపడ్డాయి, చెట్టు మొదలు కోస్తే కనపడే వలయాల్లాగా. అన్నిటికన్నా బయట నీలం. దాని లోపల పసుపు. తర్వాత రెడాక్సైడు, తుప్పు పట్టకుండా వేసే ఎర్రటి పూత. దాని లోపల మడ్డి ఆకుపచ్చ. ఆ తర్వాత అదే డికాక్షన్ రంగు. దాని కింద ప్రైమరు, నట్టనడుమ రూపాయి బిళ్లంత ఇనుము, తళతళమని.

ఆ ఆకుపచ్చ పొరను భూతద్దం పెట్టి చూస్తే కుంచె గీతలు కనపడతాయి. కంపెనీ పూత అట్టా ఉండదు. దుమ్ము తుడవకుండా, తుప్పు గీకకుండా, ఎవరో తొందర తొందరగా పూసిన పూత. కుంచె వెంట్రుక ఒకటి రంగులోనే ఇరుక్కుని గట్టిపడిపోయింది. ఏ షెడ్డులోనో ఏ చెట్టు కిందో, ఎండలో చెమట కక్కుకుంటా పూసిన ఆ మనిషెవరో మనకు తెలియదు. కానీ ఆ వెంట్రుక చూసినప్పుడు, మా వాడే అనిపించింది నాకు.

ఈ రెండు పొరల వరుసకి అర్థం ఉంది. యుద్ధం మొదలైన కొత్తల్లో బ్రిటిష్ సైన్యం బళ్లకి ఖాకీ గ్రీన్ నంబర్ 3 అనే రంగు వేసేవాళ్లు. ఆకుపచ్చ రావాలంటే క్రోమియం ఆక్సైడ్ కావాలి, యుద్ధంలో దానికి కరువొచ్చింది. అందుకని 1942లో ఎస్.సి.సి. 2 అనే గోధుమరంగుకి మారారు. ఎస్.సి.సి. అంటే స్టాండర్డ్ కామఫ్లాజ్ కలర్, మన షేడు కార్డులాంటిదే. మళ్లీ 1944 ఏప్రిల్‌లో ఎస్.సి.సి. 15 అనే ఆలివ్ డ్రాబ్, అంటే మడ్డి ఆకుపచ్చ, వచ్చింది. అమెరికా నుంచి వచ్చే బళ్లు అప్పటికే అలాంటి రంగులో ఉండేవి గనక, వాటికి మళ్లీ రంగు వేసే పని తప్పించుకోడానికి తమ రంగునే వాటి దగ్గరికి మార్చుకున్నారు. మన డోరు మూల చెప్పేదీ అదే. కింద గోధుమ, పైన మడ్డి ఆకుపచ్చ. మొదటిది 1942కీ 1944కీ మధ్య పడి ఉంటుందని నా లెక్క.

క్యాబిన్ కూడా ఆ లెక్కకే సరిపోతుంది. ముందద్దం చూడండి, పైభాగం ముందుకి, కిందిభాగం లోపలికి వాలి ఉంటుంది. మన లారీలన్నీ దీనికి తిరగేసి వాలతాయి. టింకరింగ్ కుర్రోడు యాక్సిడెంట్‌లో వంగిందనుకుని సరిచేయబోయాడు! అది వంగింది కాదు, పైనుంచి చూసే విమానానికి ఎండ మెరుపు కొట్టకుండా కావాలనే అట్టా పెట్టారు. ముందు జాలీ వజ్రం గళ్లు. కెనడాలో ఫోర్డు, షెవర్లే కంపెనీలు రెండూ ఒకే నమూనాలో, స్టీరింగు కుడివైపు పెట్టి, ఇలాంటి బళ్లు 4 లక్షలకు పైగా చేశాయి. ఈ వాలుటద్దం క్యాబిన్‌ని 13వ నంబరు క్యాబిన్ అంటారు. ఇంజను విప్పి చూశాం, వరసన ఆరు సిలిండర్లు, అంటే షెవర్లే. ఫోర్డు అయితే వి-8 ఉండేది.

ఇక మీరు తెచ్చిన ఆకుపచ్చ సంగతి. అది యుద్ధకాలం ఆలివ్ డ్రాబ్ కూడా కాదు. నలుపులో యెల్లో ఆకర్ అనే పసుపు మట్టిరంగు కలిపితే వచ్చే ఎండిన, చచ్చిన ఆకుపచ్చ అప్పటిది. మీ డబ్బాల్లో ఉన్నది ఇప్పటి మిలిటరీ కాన్వాయ్‌లో, సినిమాల్లో చూసే నిగనిగలాడే రంగు. దానికి గ్లాసీ ఒకటి. యుద్ధంలో పోయే బండికి మెరుపు ఎందుకు పెడతారు చెప్పండి? అద్దం వంచిందే మెరవకూడదని. రంగు మెరిస్తే అద్దం వంచి ఏం లాభం? మెరుపులేని మ్యాట్ రంగు దుమ్ము పట్టేస్తుంది, వేలిముద్రలు పడతాయి, ఫొటోలో చూస్తే డల్లుగా ఉంటుంది. ఆ బాధలన్నీ నాకు తెలుసు, తుడిచేది నేనే కదా. అయినా మ్యాటే వెయ్యాలి.

ఒప్పుకోవాల్సింది ఒకటి ఉంది. గోధుమరంగు లారీ చూసి జనం మొదట నిరాశపడతారు. "ఇదేం మిలిటరీ బండి, కంకర తోలే లారీలాగుంది" అని పిల్లలు అంటారు. మా మనవడు అననే అన్నాడు, మూడు రంగుల నమూనా పలకలు చూపిస్తే. పక్కన ఒక బోర్డు పెడదాం. యుద్ధంలో ఆకుపచ్చ రంగుకే కరువొచ్చిందని రాద్దాం. నిలబడి చదువుతారు.

జీబ్రా గీతల కామఫ్లాజ్ కావాలని ఒకరు అడిగారు. బ్రిటిష్ బళ్ల పైభాగాన ముదురు రంగుతో గుండ్రటి మచ్చలు వేసే పద్ధతి ఉండేది నిజమే, సైనికులు వాటిని మిక్కీమౌస్ చెవులు అని పిలిచేవాళ్లు కూడా. మన బండి టాపు మీద నాలుగు చోట్ల రుద్ది చూశాను, ముదురు మచ్చ జాడ ఎక్కడా లేదు. లేనిది వెయ్యొద్దు.

గుర్తుల దగ్గరికి వస్తే అసలు తగాదా అంతా అక్కడే. డోరుకీ బానెట్‌కీ పెద్ద తెల్ల నక్షత్రం వెయ్యమన్నారు. ఇప్పుడు ఊళ్లో తిరిగే ప్రతి పాత జీపుకీ ఆ నక్షత్రమే. అది అమెరికా సైన్యం గుర్తు. 1944లో నార్మండీ దాడికి పోయేముందు అక్కడున్న మిత్రసైన్యాలన్నీ దాన్నే పెట్టుకున్నాయి, ఎవరి బండో పైనున్న విమానానికి తెలియాలని. ఫ్రాన్సుకి పోయిన బండికి అది సరే. మద్రాసు వేలంలో కొన్న మన బండికి ఎందుకు? డోరు మీద, బానెట్ మీద తెల్లరంగు ముక్క దొరుకుతుందేమో అని రెండు రోజులు రుద్దాను. బానెట్ పక్కన దొరికింది, కానీ నక్షత్రం కాదు. ఇంగ్లీషు ఎల్ అక్షరం, దాని పక్కన అంకెలు.

ఆ ఎల్ అంటే లారీ. టన్నుకి మించి బరువు మోసేదానికి ఎల్, టన్ను లోపు బండికి జెడ్, కారుకి ఎం, మోటారుసైకిలుకి సి. సైన్యం నంబర్ల పద్ధతి అది. మనకి ఎల్ తర్వాత మొదటి మూడంకెలు చదవడానికి వస్తున్నాయి, మిగతావి రెడాక్సైడు వేసినప్పుడు ఎవరో గీకేశారు. "మిగతావి ఏవో ఒకటి వేసెయ్యి, ఎవరికి తెలుస్తుంది" అన్నారు మీలో ఒకరు. నేను లారీల నంబరు ప్లేట్లు రాసి బతికినవాణ్ణి. ఒక్క అంకె తప్పు రాస్తే బండి చెక్‌పోస్టు దగ్గర ఎంతసేపు ఆగుతుందో నాకు తెలుసు. దొరికిన మూడు అంకెలు రాస్తాను, మిగతా చోటు ఖాళీగా వదులుతాను. చూసేవాళ్లు అడుగుతారు, అడగనివ్వండి. ఇంకో మాట, స్టెన్సిల్ కట్ చేసి కొట్టను. ఎల్ అక్షరం అడుగుగీత కొస దగ్గర కుంచె ఎత్తినప్పుడు మిగిలే చిన్న తోక ఉంది. అది చేతిరాత. చేత్తోనే రాస్తా.

డివిజన్ అంటే సైన్యంలో ఒక పెద్ద దళం, దాని గుర్తు విషయంలో నేనే ఊగిసలాడాను. ఎర్ర గద్ద వేద్దామని సెక్రటరీగారు అంటున్నారు, బొమ్మ బాగుంటుందని. అది 4వ ఇండియన్ డివిజన్ గుర్తు, ఆఫ్రికా ఎడారిలో, ఇటలీలో కొట్లాడిన దళం. 17వ డివిజన్‌కి నల్లపిల్లి, 7వ డివిజన్‌కి బంగారు బాణం, 5వ డివిజన్‌కి నల్లచదరంలో ఎర్రగుండు. ఒక్కో గుర్తు వెనక ఒక్కో యుద్ధం ఉంది, ఎన్నో చావులున్నాయి. నాకు నోరూరింది మాత్రం 19వ డివిజన్ గుర్తు చూసి. ఎర్రచదరంలో పసుప్పచ్చ చెయ్యి బాకు పట్టుకుని ఉంటుంది. ఆ దళాన్ని 1941లో సికింద్రాబాద్‌లోనే కట్టారు. 1944 దాకా దక్షిణాదిలోనే తర్ఫీదు తీసుకుని, తర్వాత బర్మా పోయి, 1945 మార్చిలో మాండలే పట్టుకుంది. మన బండి వాళ్లదే అయితే ఎంత బాగుండేదో అని ఆ రాత్రి కాగితం మీద బాకు గీసి కూడా చూసుకున్నా. పొద్దున్నే చింపేశా. ముందు మడ్‌గార్డుల మీద, వెనక తలుపు మీద, అట్టాంటి గుర్తులు వేసే చోట్లన్నీ రుద్దాను. చదరం ఆనవాలు ఒక్కటి కూడా లేదు. చచ్చిపోయినవాళ్ల గుర్తు, మనకి నచ్చిందని మన బండికి అంటించుకోవడం నాకు చేతకాదు. యుద్ధం ముగిసేనాటికి మన సైన్యంలో 25 లక్షల మంది ఉన్నారు. వాళ్ల బళ్లలో ఇదొకటి, ఎవరిదో తెలియదు. తెలిసినంతవరకే రాద్దాం.

అందుకే పోస్టరు మీద "బర్మా రణరంగంలో పోరాడిన లారీ" అన్న వాక్యం కూడా తీసెయ్యమని నా మనవి. కమిటీ ఫైలు నేనూ చదివాను. ఉన్నదల్లా యుద్ధం అయిపోయాక మిగిలిన సైన్యం సరుకు అమ్మిన మద్రాసు డిస్పోజల్స్ వేలంలో గూడూరు వైపు అభ్రకం గని ఆసామి కొన్నాడన్న రసీదు ఒక్కటే. అంతకుముందు అది బర్మా పోయిందో, మద్రాసు రేవులో మూటలు మోసిందో మనకు తెలియదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ మీద జపాను బాంబులు పడ్డాక మద్రాసు నుంచి జనం మూటాముల్లె సర్దుకుని పోయారు. ఆ రోజుల్లో రాత్రిళ్లు ట్రంకు రోడ్డు మీద లారీలు వరస కట్టి పోయేవనీ, దీపాలకి మూతలేసి పిల్లికళ్లలాగా చిన్న వెలుగు మాత్రమే ఉండేదనీ మా అవ్వ చెప్పేది. వాటిలో మనది ఉందని చెప్పగలమా? నేను చెప్పలేను.

ఆ పిల్లికళ్ల సంగతి వచ్చింది గనక ఒకటి చెప్తా, ఇది మాత్రం తప్పక చెయ్యాల్సిందే. చీకట్లో వెనక వచ్చే డ్రైవరుకి ముందు బండి ఆనవాలు దొరకాలని వెనక ఇరుసు మధ్యలో ఉండే హౌసింగ్ గుండుకి తెల్లరంగు పూసి, దాని మీద పడేట్టు కింద చిన్న బల్బు పెట్టేవాళ్లు. వెనకవాడు ఆ తెల్లటి గుండునే చూసుకుంటా పోవాలి. మన బండి కింద పడుకుని గ్రీజు, మట్టి గీకితే ఆ గుండు మీద తెల్లరంగు ఇంకా ఉంది. బల్బు హోల్డరు బ్రాకెట్టు కూడా ఉంది. టింకరింగ్ వాళ్లు అదేదో అనవసరపు ఇనుము అని కోయబోతే ఆపాను. పోస్టరు కోసం ఎర్ర గద్ద కన్నా ఇది నయం. పిల్లలు వంగి కిందికి తొంగి చూస్తారు.

చక్రాల విషయం రంగు విషయం కాదనుకోకండి. ఈ లారీ రిమ్ము రెండు ముక్కలు, మధ్యలో నట్లతో బిగిస్తారు. ఇరుసుకి చక్రాన్ని బిగించే నట్లు వేరు, రిమ్ము ముక్కలు రెండిటినీ కలిపి పట్టుకునే నట్లు వేరు. టైరులో గాలి ఉండగా ఈ రెండో రకం విప్పితే ఆ ముక్క ఫిరంగి గుండే. అందుకే సైన్యం వాళ్లు వాటికి ఎర్రరంగు పూసేవాళ్లు, ముట్టుకోవద్దని. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక షెడ్డులో ఇట్టాంటి డిస్పోజల్ లారీకి అంతా వెండిరంగు కొట్టేశారు, ఆ ఎర్రనట్లతో సహా. పంక్చరు వేయబోయిన కుర్రోడు తేడా తెలియక నాలుగు నట్లు వదులు చేశాడు. రిమ్ము ఎగిరి రేకుల కప్పు చీల్చుకుని పోయింది. వాడు ఒక పక్కకి వంగి ఉన్నాడు గనక బతికాడు, చెయ్యి మాత్రం విరిగింది. మొన్న మన షెడ్డుకి పోయి చూస్తే మళ్లీ అదే కథ, చక్రాలు మొత్తం వెండిరంగు! ఆ రోజే గీకి, ఒక్కొక్క నట్టుకీ ఎర్రరంగు పూసొచ్చాను, ఎవర్నీ అడక్కుండానే. తప్పయితే క్షమించండి, ఆ ఎరుపు మాత్రం చెరపొద్దు.

ముందు మడ్‌గార్డు మీద పసుపు గుండ్రం జాడ ఒకటి ఉంది. అది వంతెన గుర్తు. బండి బరువు ఎంత తరగతిదో పసుపు బిళ్లలో నల్ల అంకెతో రాస్తే, వంతెన దగ్గర కాపలా ఉన్నవాడు చూసి వదులుతాడు. మన పెన్నా వంతెన దగ్గరా ఇట్టాంటి అంకె చూపించే దాటిందేమో అని ఊహించుకుంటే సరదాగా ఉంటుంది, అంతవరకే. మన గుండ్రంలో అంకె చెరిగిపోయింది. గుండ్రం వేస్తాను, అంకె వెయ్యను. టైర్ల పైన టి.పి. అని చిన్నగా, పక్కన గాలి ఎంత పట్టాలో అంకె రాసేవాళ్లు. అది ఒక చక్రం దగ్గర సగం మిగిలింది, అదీ అంతే.

మువ్వన్నెల జెండా రెండు పక్కలా పెయింటు చెయ్యమన్న తీర్మానం గురించి చెప్పాలంటే నాకు భయంగానే ఉంది, ఎవరేం అనుకుంటారోనని. మన జెండాని రాజ్యాంగ సభ ఆమోదించింది 1947 జులై 22న. ఈ బండి రంగులు అంతకుముందువి. ఆనాటి బండిగా చూపించాలనుకుంటే దాని మీద అది ఉండదు. జెండా కోడ్ కూడా బండి పక్కలకీ వెనకకీ జెండా కప్పొద్దంటుంది. జెండా కర్రకి ఎగరనివ్వండి, లారీ దాని కింద నిలబడుతుంది.

ఇక మిల్లు కాలపు నీలం, గని కాలపు పసుపు పూర్తిగా గీకెయ్యమన్నారు. దీని మీదే నాకు ఎక్కువ పట్టుదల. బాడీ పలకలు విప్పుతుంటే సందుల్లో, మూలల్లో అభ్రకం పొడి రాలింది. టార్చి వేస్తే లేత ఆకుపచ్చగా మెరిసింది. నెల్లూరు అభ్రకం అంటేనే ఆ ఆకుపచ్చ జిగి. మా పిన్నమ్మ మొగుడు సైదాపురం గనుల్లో పనిచేసినాయన, ఇంటికొస్తే ఆయన చొక్కా అంచుల్లో ఇదే మెరుపు. యుద్ధంలో రేడియోల కండెన్సర్లకీ, విమానాల స్పార్క్ ప్లగ్గులకీ ఈ అభ్రకమే కావాల్సొచ్చింది. 1942లో బ్రిటన్, అమెరికా రెండూ కలిసి మన దేశంలో అభ్రకం కొనడానికే ప్రత్యేకంగా ఒక బృందాన్ని పెట్టాయి. అంటే ఈ బండి బర్మా పోయినా పోకపోయినా, యుద్ధం మన జిల్లాకి వచ్చింది, మన మట్టి తవ్వుకుని పోయింది. యుద్ధం అయ్యాక ఆ యుద్ధం లారీయే వచ్చి అదే మట్టి మోసింది. ఈ కథకి మన దగ్గర సాక్ష్యం ఉంది. రసీదు ఉంది, పలకల సందులో పొడి ఉంది. నేను దాన్ని ఒక చిన్న సీసాలో ఎత్తి పెట్టాను.

కాబట్టి నేను అడిగేది ఇది. బండంతా గోధుమరంగు, మ్యాట్. ఎడమ డోరు లోపలి మూల, నేను రుద్దిన ఆ గుండ్రాలు మాత్రం అట్టాగే ఉంచి, పైన పలచగా వార్నిష్ వేద్దాం. నీలం, పసుపు, రెడాక్సైడు, మడ్డి ఆకుపచ్చ, గోధుమ, ఇనుము, అన్నీ ఒకచోట కనపడతాయి. వెనక తలుపు లోపలివైపు పసుపు మీద గని ఆసామి ఇంటిపేరు సగం అక్షరాలు ఉన్నాయి, గుండ్రటి పాత లిపి, చక్కటి చెయ్యి. దాన్నీ ముట్టుకోవద్దు. ఆ రాసినాయన ఎవరో గానీ, "శ్రీ"కి ఆ వంపు నాకు ఈ నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా రాలేదు.

పని చేసే కుర్రోళ్ల గురించి ఒక్కమాట. ఆనాటి రంగుల్లో సీసం ఉంటుంది. పొడిగా ఉప్పు కాగితం పెట్టి గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూతికి రుమాలు కట్టుకుంటే చాలదు. నీళ్లతోనే రుద్దాలి, సరైన మాస్కులు కొనివ్వాలి. ఆలివ్ గ్రీన్ డబ్బాలు వాపసిస్తే వచ్చే డబ్బులో మాస్కులూ వస్తాయి, మిగిలిందానికి రంగూ వస్తుంది. రెడాక్సైడు, నలుపు, యెల్లో ఆకర్, చిటికెడు ఆకుపచ్చ కలిపి నేను షేడు పట్టగలను. కంప్యూటర్ మిషన్ పెట్టి షేడు తీసే షాపు ఉందని సెక్రటరీగారన్నారు. తీయించండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ మిషను చూసేది పలక వెనక ఉన్న రంగుని చూడాలి, ఎండకి వెలిసిన బయటి రంగుని కాదు.

మూడు పలకల మీద మూడు షేడ్లు వేసి ఆరబెట్టి పెట్టాను. ట్యూబులైటు కింద చూసి తీర్మానం చెయ్యొద్దు, ట్యూబులైటు కింద గోధుమ కూడా బూడిదరంగే. బుధవారం పొద్దున తొమ్మిదింటికి, ఎండ ముదరకముందే, లారీ ఉన్న షెడ్డుకి రండి. డాష్‌బోర్డు పలక ఇంకా బిగించలేదు. ఒక్కొక్కరే వంగి చూడాలి, చోటు ఇరుకు, టార్చి ఒకటి తెచ్చుకోండి.

ఇట్లు,
మీ ఆటోనగర్ పెయింటర్